నాలుగు బొమ్మల్లో లేని పొయ్యి

తమిళనాడు ధర్మపురిలో కొత్తగా లేచిన ఒక కాలనీ. అందులో ఒక ఇంటి గృహప్రవేశం. ఆ ఇంటి వంటగట్టుకు ఇటుకలు మోసిన మాదేశ్వరి ఆ రోజు ఇసుక కుప్ప పక్కన కూర్చొని భోంచేసింది.

లోపల పాలు పొంగిస్తున్నారు. ఆ పొంగు చూడాలని ఆమె కూతురు దేవిప్రియకు ఒకటే ఆశ. అప్పుడింకా బడికి పోయే పిల్ల. తల్లి చెయ్యి పట్టుకొని గడప దాకా లాక్కుపోయింది. ఇంటావిడ పట్టుచీర కుచ్చిళ్ళు పైకి పట్టుకొని ఎదురొచ్చింది. కోప్పడలేదు. నవ్వుతూనే అరవంలో చెప్పింది, లోపల చుట్టాలున్నారు, మీరు బయటే ఉండండమ్మా, పంక్తి లేచాక ఆకులు పంపిస్తామని.

మొన్నమొన్నటి దాకా అదే గడప మీదుగా మాదేశ్వరి నెత్తిన సిమెంటు బాండ్లీ పెట్టుకొని పొద్దుగూకేదాకా తిరిగింది. అప్పుడు ఎవరూ ఆపలేదు. సిమెంటు లోపలికి పోవచ్చు. మోసిన మనిషి పోకూడదు.

"ఆ గట్టు నువ్వే కదమ్మా కట్టింది?" అని అడిగింది పిల్ల.

"కట్టింది తాపీ పట్టిన కొత్తనారు. నేను ఇటికెలు అందించినాను. తిను, పాయసం ఆరిపోతా ఉంది."

అంతే. మాదేశ్వరి ఆ మాటను పాయసంతో పాటే మింగేసింది. ఆమెను చూసి కూతురూ మింగింది. మింగడం కూడా పిల్లలు తల్లుల దగ్గరే నేర్చుకుంటారు.

వాళ్ళ ఊరు పెరియంపట్టి. ఇంట్లో తెలుగు, వీధిలోకి వస్తే అరవం. ఎన్ని తరాల కింద ఈ నేలకు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళూ లేరు. మగవాళ్ళు తాపీ పట్టుకుంటారు, ఆడవాళ్ళు బాండ్లీ ఎత్తుకుంటారు. దేవిప్రియ ఒక్కతే కంప్యూటర్ చదువు చదివి, ఫోన్ తెరల మీద బొమ్మలు, మీటలు గీసే పని పట్టుకుంది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ. నెలలో ఎక్కువ రోజులు ఇంటినుంచే పని. రాగుల డబ్బా మీద లాప్‌టాప్ పెట్టుకొని, ఎదురుగా చాప మీద కూర్చునేది.

కంపెనీ తయారు చేస్తున్నది ప్రపంచ వంటల ఆప్. తెర మీద భూగోళం తిరుగుతుంది. ఎక్కడ వేలు పెడితే అక్కడి వంటలు లేచి వస్తాయి. జపాను వాళ్ళ చేపల పులుసు, మెక్సికో వాళ్ళ మొక్కజొన్న రొట్టె, ఇటలీ వాళ్ళ సేమ్యా. ఎవరైనా తమ వంటను వీడియో తీసి పంపొచ్చు. పంపేముందు ఒక తెర అడుగుతుంది: మీ వంటగది ఏది? కింద నాలుగు బొమ్మలు. గ్యాసు, కరెంటు పొయ్యి, ఓవెన్, మైక్రోవేవ్. కింద గట్టు, వెనకాల తళతళలాడే టైల్సు. ఆ తెర గీసింది దేవిప్రియే. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ధర్మపురి వైపు వంటలు కూడా కావాలని కంపెనీ అడిగినప్పుడు ఆమె ఎగిరి గంతేసింది. కారిమంగళంలో అమ్మ పని చేస్తున్న కట్టడం దగ్గరికి మధ్యాహ్నం పూట ఫోన్ పట్టుకొని పోయింది. మూడు ఇటుకల పొయ్యి, సెంట్రింగు చెక్కముక్కల మంట. ఎసరు మరిగాక మాదేశ్వరి సంగటికి రాగిపిండి కుప్పగా పోసి, నడుమ తెడ్డుతో గుంత చేసి ఉడకనిచ్చింది. తర్వాత కుండ కిందికి దించి, రెండు పాదాల మధ్య గోనెపట్టాతో ఆనించి, నడుము వంచి కెలకడం మొదలుపెట్టింది. పక్కన ఉలవల పులుసు కుతకుతలాడుతోంది.

"ఏం వదినా, హీరోయినీ అయిపోతా ఉన్నావే!" అంది తోటి కూలీ కుప్పాయి. "కొంచెం కొంగు సరిచేసుకో. జపానోళ్ళు చూస్తారంట."

"చూస్తే చూడనీ. ఒక ముద్ద మింగితే వాళ్ళే బాండ్లీ ఎత్తుకొని వస్తారు."

వీడియో అయింది. దేవిప్రియ అక్కడే పంపబోయింది. నాలుగు బొమ్మల తెర వచ్చింది. మాదేశ్వరి చెయ్యి తుడుచుకొని తొంగిచూసింది.

"గట్టు బాగా గీసినావు పాపా. ఒక పక్కకి వాలలేదు. మన పొయ్యి ఏది?"

"అది లేదమ్మా."

"లేకుంటే?"

"ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదు."

"గ్యాసు నొక్కు పాపా," అంది కుప్పాయి. "బొమ్మలో అయినా మీ అమ్మకి గ్యాసు వచ్చినట్టు ఉంటుంది!"

అందరూ విరగబడి నవ్వారు. దేవిప్రియా నవ్వింది, గ్యాసే నొక్కింది. ప్రపంచమంతటికీ వంటగదులు గీసిన పిల్ల, తనను పెంచిన పొయ్యిని గీయడం మరిచిపోయింది.

వీడియో తిరిగి వచ్చింది. వంటగది శుభ్రంగా లేదని కారణం. వెంటనే రాఘవన్ ఫోన్ చేశాడు. కంపెనీలో ఆమె పై అధికారి. హోసూరు మనిషి, ఇంట్లో తెలుగే.

"వంట మాత్రం ఫస్ట్ క్లాస్ పాపా. అందరికీ నచ్చింది. వెనకాల సిమెంటు మూట, ఇటుకలు కనిపిస్తే ఎట్ల చెప్పు? స్టూడియోలో మళ్ళీ తీస్తాం. వేరే ఆమె చేస్తుంది. మీ అమ్మగారు ఎట్ల చేసినారో అట్లే చేయిస్తాం."

"అమ్మ పేరు, సార్?"

"పేరెందుకు? 'ధర్మపురి పల్లె వంట' అని పెడతాం. ఊరికి పేరు వస్తుంది కదా!"

"అమ్మనే స్టూడియోకి తీసుకొస్తాను."

"కెమెరాకి అలవాటు లేనివాళ్ళు కదమ్మా," అన్నాడు.

సాయంత్రం మాదేశ్వరి పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే దేవిప్రియ సంగతంతా చెప్పింది. పోనీలే అంటుందనుకుంది. ఎప్పుడూ అనేది అదే. మాదేశ్వరి చెంబు కింద పెట్టింది.

"ఇల్లు కడితిమి, బయట కూసోండి అనిరి. సరే, ఇల్లు వాళ్ళది. ఈ సంగటి ఎవురిది పాపా? ఇది నాదే కదా. దీంట్లోనూ నన్ను బయటే కూసోబెడతారా?"

ఇన్నేళ్ళుగా మింగిందంతా ఆ ఒక్క మాటలో బయటికొచ్చింది.

దేవిప్రియ లాప్‌టాప్ తెరిచి ఐదో బొమ్మ గీసింది. మూడు ఇటుకలు, నడుమ మంట. టైల్సు లేవు. దాన్ని చివర పెట్టలేదు, మొట్టమొదట పెట్టింది. మరుసటి వారం కంపెనీ వాళ్ళంతా మీటింగుకు తెర మీద చేరినప్పుడు ఆ బొమ్మ చూపించి, కింద తల్లి వీడియో నడిపించింది.

"ఇదేంది? తీసెయ్," అన్నాడు రాఘవన్.

"తీయను సార్."

"చూసేవాళ్ళకి ఆకలి పుట్టాలమ్మా. జాలి కాదు."

"జాలి ఎవరడిగినారు? మీరు కూర్చున్న ఆఫీసు కట్టినవాళ్ళు ఇట్లాంటి పొయ్యి మీదే వండుకొని తిన్నారు. మా అమ్మ వంట కావాలంటే మా అమ్మ కావాలి, ఆమె పేరు కావాలి, ఆమె పొయ్యి కావాలి. వద్దంటే వంట కూడా వద్దు."

"ఉద్యోగం చూసుకో పాపా."

"చూసుకుంటాను సార్. ఇంకో చోట."

ఆప్ వచ్చింది. నాలుగు బొమ్మలతోనే వచ్చింది. అందులో సంగటి కూడా ఉంది. తెల్లటి గట్టు, మట్టి అంటని చేతులు, 'ధర్మపురి పల్లె వంట'. ముద్ద మీద కొత్తిమీర చల్లారు. కుప్పాయి అది చూసి, "దీని మీద గడ్డి ఎందుకు వేసినారే?" అంది. మాదేశ్వరి నవ్వలేదు.

దేవిప్రియ ఆ వీడియో కింద ఒక్క ముక్క రాసింది: ఈ వంట మాదేశ్వరిది, పెరియంపట్టి. దాన్ని తీసేశారు. మళ్ళీ రాసింది. కుప్పాయి కూతురు రాసింది. కట్టడం పనివాళ్ళ పిల్లలు ఒకరిని చూసి ఒకరు రాశారు: వండింది ఎవరు? చివరికి కంపెనీ ఆ వీడియో కింద ఎవరూ ఏమీ రాయకుండా తలుపు మూసింది. జవాబు ఉన్నవాళ్ళెవరూ తలుపు మూసుకోరు.

ఇప్పుడు రాగుల డబ్బా మీద ఇంకో ఆప్ తయారవుతోంది. పాత ఫోనులో కూడా నడుస్తుంది. చదువు రానివాళ్ళు బొమ్మ నొక్కి, తమ గొంతుతో తమ వంట చెప్పొచ్చు. మొదట అడిగేది పేరు. పేరు చెప్పకపోతే ముందుకు పోదు. పొయ్యిల వరసలో మూడు ఇటుకలే ముందు. బతుకుతెరువుకు దేవిప్రియ కారిమంగళంలో పెళ్ళిపత్రికలు, కొట్ల బోర్డులు గీస్తోంది. కష్టంగానే ఉంది. వెనక్కి మాత్రం పోలేదు.

అందులోని మొదటి వీడియోలో కుండ మీద వంగిన ఆడమనిషి తలెత్తి, కెమెరా వైపు సూటిగా చూసి అంటుంది: "నా పేరు మాదేశ్వరి. ఇది నా సంగటి."

ఇది చదివినవాళ్ళు చేయాల్సిన పనులు రెండున్నాయి. ఫోనులో ఏ ఊరి వంట కనిపించినా, వండిన మనిషి పేరు లేకపోతే కింద అడగండి, ఎవరు వండారని. తీసేస్తే మళ్ళీ అడగండి. ఇక రెండోది మీ ఇంట్లోనే ఉంది. మీరు ఇల్లు కట్టుకున్న రోజున, ఆ ఇటుకలు మోసినామెను పేరు పెట్టి లోపలికి పిలవండి. ఆమె ఎత్తిన గట్టు దగ్గర మొదటి పాలు ఆమె చేత పోయించండి. ఆమె పిల్లను పొంగు చూడనివ్వండి. పంక్తిలో మీ పక్కన ఆకు వేయండి. చుట్టాలెవరైనా ముఖం చిట్లిస్తే, బయట ఇసుక కుప్ప పక్కన చోటు ఖాళీగానే ఉందని చెప్పండి.