గాసి జీపులో విడాకుల వాయిదాలు

తొంభైల చివర్లో నన్ను పాడేరుకు స్పెషల్ డిప్యూటీ తహశీల్దారుగా వేశారు. ఏజెన్సీలో మామూలు సివిల్ కోర్టులు ఉండవు. చిన్న చిన్న దావాలు మా రెవెన్యూ అధికారులే వింటారు. తీర్పు నచ్చనివాళ్ళు పై అధికారికి అప్పీలు చేసుకుంటారు. అంతవరకు అడంగళ్ళలో భూముల లెక్కలు రాసుకున్నవాణ్ణి, బల్ల వెనక కూర్చుని తీర్పులు చెప్పడం నాకు కొత్త. అందుకని గొంతు కాస్త బరువుగా పెట్టుకుని మాట్లాడేవాణ్ణి.

ఆ వానాకాలం సుకురి అనే ఆమె అర్జీ పట్టుకొచ్చింది. ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. భర్త గాసి జీపు నడుపుతాడు. వాళ్ళకి ఐదేళ్ళ కూతురుంది. గాసి మరో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టాడు. విడిపోవడానికి ఇద్దరూ సిద్ధమే. చిక్కల్లా కొండవాలున ఉన్న కాఫీ తోట దగ్గర వచ్చింది.

హిందూ వివాహ చట్టం గిరిజనులకు వర్తించదు. వాళ్ళ విడాకులు కులాచారం ప్రకారం పెద్దల ముందు జరుగుతాయి. పెద్దల దగ్గరికి వెళితే ఒక్క పూటలో తేలిపోతుందనీ, ఇక్కడైతే సాక్షులు, వాయిదాలు, అప్పీళ్ళు తప్పవనీ ఆమెకు వివరించాను.

“పెద్దలంటే ఎవులు బాబూ? నా పెనిమిటికి సిన్నాయన. ఆడే ఊరికి నాయుడు. ఆడది ఒగ్గేసి పోతే సెట్టూ సేమా మొగోడివే అంటాడు. మీరైతే ఎవులికీ సుట్టం కారు గదా” అంది సుకురి.

అక్కడ నాయుడంటే ఊరిపెద్ద. దావా నమోదు చేసి గాసికి నోటీసు పంపాను. వాళ్ళ ఊరికి వెళ్ళే బండి గాసి జీపు ఒక్కటే. మా ప్రాసెస్ సర్వరు నోటీసు పట్టుకుని అందులోనే ఎక్కాడు. దారి పొడుగునా కబుర్లు చెబుతూ దింపిన గాసికి, ఆ కాగితం తనకేనని ఊరు చేరాక తెలిసిందట.

మొదటి వాయిదాకి వాది, ప్రతివాది ఒకే జీపులోంచి దిగారు. సాక్షి రాలేదు, కేసు వాయిదా పడింది. రెండోసారి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఇద్దరి చేతులకీ గ్రీజు మరకలు. నేను గొంతు బరువు చేసి సంజాయిషీ అడిగాను.

“ఘాట్లో టైరు పోయింది బాబూ. నాను స్టెపినీ ఎక్కిత్తంటే ఇది జాకీ తిప్పింది” అన్నాడు గాసి.

“తిప్పకపోతే కేసు ఏటయిపోద్ది?” అంది సుకురి.

నాకు నవ్వు ఆగలేదు. ఆ గొంతు మళ్ళీ బరువెక్కలేదు కూడా. అప్పుడే మూడో దారి ఒకటి చెప్పాను. మధ్యవర్తుల ముందు మాటలు నా ఆఫీసులోనే జరుగుతాయి. చెరొక మనిషిని తెచ్చుకోవచ్చు. కుదిరితే రాజీ పత్రం రాసి తీర్పుగా నమోదు చేస్తాను. కుదరకపోతే దావా ఆగినచోటి నుంచే నడుస్తుంది.

“నా తరపున ఆడమనిషొచ్చినా సెల్లుద్దా?” అని అడిగింది సుకురి. చెల్లుతుందన్నాను.

రాజీ మాటల రోజున ఆమె వెంట ఆస్పత్రి నర్సమ్మ వచ్చింది. గాసి వెంట చిన్నాన్న, ఆ నాయుడే, వచ్చాడు. పిల్ల తల్లి దగ్గర ఉండేటట్టు, సంతరోజున తండ్రి తీసుకెళ్ళేటట్టు పావుగంటలో ఒప్పుకున్నారు. తోట మాట రాగానే నాయుడు లేచి నిలబడ్డాడు. భూమి తమ వంశానిదనీ, చెట్టు భూమితోనే పోతుందనీ తేల్చేశాడు. నర్సమ్మ ఎంత వాదించినా వినలేదు. రాజీ విఫలమైందని రాయడానికి పెన్ను మూత తీశాను.

సుకురి నాయుడి వైపు చూడలేదు. గాసినే అడిగింది. “కింద గెడ్డలోంచి మొక్కలకి నీళ్ళు ఎవులు మోసినారు?”

గాసి తల దించుకున్నాడు. చిన్నాన్న గుడ్లురుముతున్నాడు. గాసి ఆయనకేసి తిరిగి, “ఇదే మోసింది సిన్నాయనా. పైవరస నాను నాటినాను. అన్నీ సచ్చిపోనాయి. బతికినవన్నీ దీనివే” అన్నాడు.

నర్సమ్మ ఫక్కున నవ్వింది. నాయుడు మీసం సవరించుకుని, “అయితే ఆ పైవరస మావోడికే రాయండి బాబూ” అన్నాడు. తోట సుకురికి, ఆమె తర్వాత కూతురికి. ఇల్లూ, ఎండిన పైవరసా గాసికి. అంతా అలాగే రాశాను. అందరూ సంతకాలు పెట్టారు.

బయట గాసి జీపు స్టార్టు చేసి, “బేగి ఎక్కు, వానొచ్చేత్తది” అన్నాడు. సుకురి ముందు సీటు దాటి వెనక్కి వెళ్ళి కూర్చుంది. “ఇయ్యాల్టికాడ్నించి నాను పేసింజర్ని” అంది.

కోర్టుకీ మధ్యవర్తిత్వానికీ తేడా పట్టే కాలంలోనే ఉందని అంతవరకు అనుకునేవాణ్ణి. సుకురికి ఆలస్యం లెక్క కాదు. తీర్పు చెప్పేవాడు ఎవరికి బంధువన్నదే లెక్క. తర్వాత ఏ జంటకైనా రాజీ సలహా ఇచ్చేముందు, అక్కడ ఎవరెవరు కూర్చుంటారో బలం లేని మనిషిని విడిగా అడిగి తెలుసుకునేవాణ్ణి. రాజీ కుదిరేదాకా ఏ దావానూ కొట్టివేయలేదు. దావా ఫైలు బల్లమీద ఉన్నంతసేపే నాయుళ్ళు ఎదుటివాళ్ళ మాట వింటారు.