సగం సాక్ష్యం

2015లో నేను విశాఖలో పరిశోధక విద్యార్థిని. సూక్ష్మక్రిమి బతకడానికి తప్పనిసరైన ఎంజైమును ఆపేస్తే అది చస్తుంది. అలాంటి కొత్త మందు వెతకడమే మా పని. చివరికి ఒక పదార్థం పనిచేసింది గానీ, మనిషి కణాలను కూడా చంపేసింది. మా ఊరు ఆమదాలవలస వచ్చినప్పుడు, నాకు బాప్తిస్మమిచ్చిన పాస్టరుగారికి ఈ రెండు సంగతులూ చెప్పి ప్రార్థించమన్నాను.

మరుసటి నెల ఒక ఆదివారం గుడి మెట్ల మీద ఎండుచేపలమ్మే ఎస్తేరు పిన్ని నన్ను ఆపింది. షుగరు పుండుతో ఆమె పాదం వాచి ఉంది.

"ఏటమ్మా, నీ మందు ఎప్పుడొస్తాది? దేవుడు నీ సేత కొత్త మందు సేయించాడని అయ్యగారు సెప్పినారు. ఆస్పత్రి మాత్రలు అప్పుడే మానీసినాను."

నేను గబగబా లోపలికెళ్లి, "సగమే ఎందుకు చెప్పారయ్యగారూ?" అనడిగాను.

"సంఘానికి ఆదరణ కావాలమ్మా. నువ్వు కూడా అంతే చెప్పు," అన్నారు. ఆరాధనలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పే సాక్ష్యానికి నన్ను పిలిచి మైకు ఇచ్చారు.

నేను మిగతా సగం చెప్పాను. స్త్రీల వరసలోంచి ఒకావిడ, "ఈ గుంటకి సదువెక్కువైపోనాది, ఇస్వాసం తగ్గిపోనాది" అంది. పాస్టరుగారు ఆమెను వారించలేదు. తల వంచుకుని పాట ఎత్తుకున్నారు.

ఆ పాట ముగియకముందే పిన్నిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఒక వేలు తీసేశారు, పాదం దక్కింది.

దేవుని మీద నా నమ్మకం చెదరలేదు. ఇప్పటికీ అదే గుడికి వెళ్తాను. కానీ నా ప్రార్థన విన్నపం మాత్రం ఎవరి నోటికీ అప్పగించను, నేనే లేచి చెప్పుకుంటాను.