పున్నమి మర్నాడు పప్పన్నం

ఒక సామ్రాజ్యం ఎలా కూలిందో చెబుతాను, కుర్చీ దగ్గరికి లాక్కోండి. రక్తపాతం ఉంది, వెన్నుపోటు ఉంది, ఒక మహావీరుడి పతనం ఉంది. సరే, నిజం చెప్పేస్తాను. సామ్రాజ్యమంటే ఒక మడతబల్ల. మహావీరుణ్ణి నేనే. రక్తపాతం అరటికాయ తరుగుతుంటే తెగిన వేలు. వెన్నుపోటు ఎవరూ పొడవలేదు, నాకోసం అంత తీరిక ఎవరికుంది?

బరంపురంలో నిరుద్యోగులకి వ్యాపారం నేర్పే నెల్లాళ్ల శిక్షణ. అప్పటికి రెండేళ్లుగా మా నాన్న చుట్టాలకి నన్ను "ఏదో చదువుతున్నాడు" అని చూపిస్తున్నాడు. ఏం చదువుతున్నానో ఇద్దరికీ తెలీదు. శిక్షణ ఆఖర్న ఒకరోజు అందరం అంగళ్లు పెట్టాలి. ఎవరి సరుకు ముందు అమ్ముడైపోతే వాళ్లకి బ్యాంకు రుణానికి సిఫారసు ఉత్తరం. ముప్పైమందిమి, ఒక్కటే ఉత్తరం.

కార్తీకంలో ఒడియావాళ్లు ఉల్లి, వెల్లుల్లి, నీచు మానేసి హవిష్యం తింటారు కదా, దాన్నే ప్లేట్లలో పెట్టి అమ్మాలని నా ఎత్తు. పచ్చిబియ్యం అన్నం, అరటికాయా కందా కొబ్బరీ వేసిన పెసరపప్పు, పైన నెయ్యి. నలభైమందిని "తింటారా?" అని అడిగాను. నలభైమందీ తింటామన్నారు. సర్వే అంటే అదీ!

"అంగళ్లు శుక్రవారం. తేదీ చూసుకున్నావా?" అన్నారు మా సారు.

"చూశాను సార్. కార్తీకం ఇంకా పదిహేను రోజులుంది."

ఆర్యపల్లి నుంచి వచ్చే మంగ వెనక బెంచీలో కూర్చునేది. వాళ్లమ్మతో కలిసి చేపలు అమ్ముతుంది. క్లాసులో తను మాట్లాడితే నేను భాష దిద్దేవాణ్ణి, ఎవరూ అడక్కుండానే. గురువారం సాయంత్రం నా పప్పు మూటలు చూసి ఆగింది.

"పంతులన్నా, ఇయ్యాల పున్నమి. రేపు ఛాడఖాయి. నీ పప్పన్నం ఎవులు తింతారు?"

"కార్తీకం అమావాస్య దాకా ఉంటుంది మంగా. మా ఇంట్లో కేలండరుంది."

"మీ యమ్మ కేలండరు సూసి ఊరు వండుకోదన్నా."

"నేను మార్కెట్ సర్వే చేశాను."

"సేసుకో. నాను రొయ్యలు ఏపుతాను."

మనకి నెల అమావాస్యకి ముగుస్తుంది, ఒడియావాళ్లకి పున్నమికే ముగుస్తుంది. నెల్లాళ్లు నోరు కట్టుకున్న ఊరు ఆ మర్నాడు చేపల మీదా మాంసం మీదా పడుతుంది. అదే ఛాడఖాయి. ఇక్కడే పుట్టి ఆమాత్రం తెలీదా అంటారు. మాది ఈ పక్కనే చికిటిలో పంతుళ్ల ఇల్లు. ఏటా ఆ రోజు వీధంతా మసాలా వాసన లేస్తే అమ్మ కిటికీలు మూసేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. మూసిన కిటికీ వెనక పెరిగి బజారు సర్వేకి బయల్దేరినవాణ్ణి నేను.

శుక్రవారం మొదట ఒక పెద్దాయన వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు.

"మాంసం లేదా బాబూ?"

"లేదండి, కార్తీకం కదా."

"ఎవరి కార్తీకం?"

ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను అలికేసరికి నా పండగ దాటిపోయి వేరే పండగ వచ్చి కూర్చుంది. మంగ బల్ల ముందు రేషను కిరసనాయిలు వచ్చిన రోజంత క్యూ. నా దగ్గర ఒక ఈగ వాలింది గానీ, అదీ ఆలోచించుకుని అటే వెళ్లింది. మధ్యాహ్నానికి మంగ మూకుడు ఖాళీ. నావి అమ్ముడైనవి మూడు ప్లేట్లు: శుక్రవారాలు నీచు ముట్టని వాచ్‌మనుకి ఒకటి, జాలిపడ్డ సారుకి ఒకటి, మంగకి ఒకటి.

"బాగుందన్నా," అంది తింటూ. "నిన్న పెట్టుంటే ఎగరేసుకుపోయీవోలు."

వెక్కిరించి ఉంటే బాగుండేది. నిజంగానే అంది.

ఉత్తరం మంగకి వచ్చింది. "ఇందల ఏటి రాసిందో సదివి సెప్పన్నా," అని నా చేతికిచ్చింది. చదివి చెప్పాను. ఆ రోజు తన మాట ఒక్కటీ దిద్దలేదు. దిద్దే మొహం ఎక్కడుంది?

మిగిలిన పప్పుగిన్నె మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరినైనా "తింటారా?" అని అడిగితే, "ఎప్పుడు?" అని కూడా అడుగుతానని. మా ఇంటి గోడ చూసి ఊరి ఆకలి లెక్కకట్టనని.

మర్నాడు పొద్దున్నే ఉత్తరం పట్టుకుని ఇద్దరం బ్యాంకుకి వెళ్లాం. రెండో శనివారం. మూసుంది.