ప్రవర్తన గడిలోని మాట

సహోదరులారా, ఈ సాక్ష్యం చెప్పుకోవడానికి పాస్టరుగారు నాకు ఏడు నిమిషాలు ఇచ్చారు. ఇంట్లో గడియారం ముందు పెట్టుకుని చదివి చూస్తే పద్దెనిమిది దాటింది. అందుకని సంఘ పత్రికకు రాసి ఇస్తున్నాను. తేదీలు నా డైరీలోవి, తప్పులు నావి, జరిగిన మేలు మాత్రం దేవునిది.

ఫిబ్రవరి అయిదు, సోమవారం, మధ్యాహ్నం రెండుంబావుకు నా మనవడు జోయెల్ సైన్యం నుంచి సింగపూర్ టాంపినీస్‌లోని మా ఫ్లాట్‌కి తిరిగి వచ్చాడు. చేతిలో ఒక సంచి, సంచిలో ఒక కాగితం. సైన్యం వదిలి వచ్చే ప్రతివాడికీ ఇచ్చే సర్టిఫికెట్ అది. పేరు సరిగానే ఉంది, చేసిన సంవత్సరాలు సరిగానే ఉన్నాయి. ‘ప్రవర్తన’ అన్న గడిలో ‘అసంతృప్తికరం’ అని ఉంది. దాని కింద, విడుదలకు కారణం: మత్తు మందు వాడకం. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రి రికార్డు రూములో ముప్ఫై ఒక్క ఏళ్లు కాగితాలు చదివినదాన్ని, ఏ కాగితాన్నీ రెండోసారి చదవనిదాన్ని, ఆ రోజు మాత్రం దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి మూడుసార్లు చదవాల్సి వచ్చింది.

జోయెల్‌కి నలభై రోజుల వయసప్పుడు నేను సింగపూర్ వచ్చాను. మా అమ్మాయి కరుణ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగానికి పొద్దున ఏడింటికి వెళ్లిపోయేది. వాడికి తొమ్మిదేళ్లప్పుడు మా అల్లుడు గుండె ఆగి చనిపోయాడు. వాడిని నేనే పెంచాను, నా చేతి అన్నం, నా చేతి ప్రార్థన. ఇక్కడి మగపిల్లలందరూ తప్పక సైన్యంలో చేయవలసిన రెండేళ్ల నేషనల్ సర్వీస్ చేశాక, ఇంకా ఉంటానని సంతకం పెట్టి సైన్యంలోనే ఉండిపోయాడు, గాయపడినవాళ్లకు కట్టు కట్టే మెడిక్‌గా. సెలవుకి వస్తే బాగున్న నా మణికట్టుకి కట్టు కట్టి చూపించేవాడు, విప్పబోతే ఇంకో పావుగంట ఉంచమనేవాడు. అలాంటివాడు బూన్ లేలో ఒక స్నేహితుడి ఇంట్లో, ఇక్కడ ఐస్ అని పిలిచే ఆ పటిక పలుకుల్లాంటి మత్తుకి అలవాటు పడ్డాడు. ఆగస్టులో సైన్యం వాళ్లు చేసిన పరీక్షలో దొరికిపోయాడు. ఆరు నెలలు అక్కడే నిర్బంధంలో ఉంచి, తరువాత పంపేశారు. ఆ ఆరు నెలలూ సంఘంలో ఎవరూ అడగలేదు, సైన్యంలో ఉన్న పిల్లలు కనబడకపోవడం మనకి మామూలే కదా.

ఇంటికి వచ్చాక ఆ మత్తు తలపు వాడిని వదల్లేదు. తినేవాడు కాదు, కూర్చున్నచోట కూర్చోలేకపోయేవాడు, కారిడార్‌లో లిఫ్టు దాకా వెళ్లి వచ్చేవాడు, మళ్లీ వెళ్లేవాడు. ఫిబ్రవరి పన్నెండు నుంచి, మళ్లీ వాడలేదని చూపడానికి, వారానికి రెండుసార్లు మూత్ర పరీక్షకు హాజరు కావాల్సి వచ్చింది. ఒక్కోసారి వంట మధ్యలో వచ్చి, “అమ్మమ్మా, ఇప్పుడు కావాలనిపిస్తోంది” అనేవాడు. నేను పొయ్యి ఆపి వాడి పక్కన కూర్చుని, “ప్రభువా, ఈ ఒక్క గంట దాటించు, తరువాతి గంట సంగతి తరువాత అడుగుతాను” అని ప్రార్థించేదాన్ని. సహోదరులారా, ఆయన ఒక్కో గంటే దాటించాడు, ఒక్కటి కూడా మధ్యలో వదిలిపెట్టలేదు, దేవునికే మహిమ.

ఇంట్లో ఇంత చేసినదాన్ని, మీ ముందు ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం, ప్రార్థన మనవులు చెప్పే సమయంలో మన విమల, “జోయెల్ సైన్యం నుంచి ఎందుకు వచ్చేశాడు అక్కయ్యగారూ?” అని అడిగింది. ముందుగా అనుకున్నది కాదు, నా నోరు “మోకాలు” అంది. ఎప్పుడో కవాతులో వాడి ఎడమ మోకాలు నిజంగానే బెణికింది, రెండు వారాల్లో తగ్గిపోయింది కూడా. పాస్టరుగారు వెంటనే వాడిని ముందుకు పిలిచారు, నూనె తెచ్చారు, పెద్దలు చుట్టూ నిలబడ్డారు. జోయెల్ నా వైపు ఒక్కసారి చూసి, కుర్చీలో కూర్చుని కాలు చాపాడు. ఆ చూపు నేను డైరీలో రాయలేదు.

అది మొదలు అరవై ఒక్క ఆదివారాలు మీరందరూ బాగున్న మోకాలి కోసం ప్రార్థించారు. విమల ఇంటి నుంచి ఆముదం కాచి తెచ్చేది. వాడు ఆదివారం పూట హాలు మెట్ల దగ్గర నుంచి కుంటడం మొదలుపెట్టేవాడు. ఒకసారి మరిచిపోయి కుడి కాలితో కుంటుకుంటూ వచ్చాడు. విమల చూసి, “అయ్యో, రెండోదానికి కూడా పాకిందా అక్కయ్యగారూ!” అని ఆ వారం రెండు మోకాళ్లకూ రాసింది. ఇంటికి వెళ్లే బస్సులో నాకు నవ్వు రాలేదు, వాడికీ రాలేదు.

ఏడాది అయ్యేసరికి వాడు తేరుకున్నాడు. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, పరీక్షల్లో ఒక్కటీ తప్పలేదు. ఇక వాడి ఆశంతా ఒక్కటే, అంబులెన్సులో పని. దానికి శిక్షణ ఇచ్చే చోటికి వెళ్తే చదువు మార్కులు చూసి తల ఊపారట, సైన్యం కాగితం చూసి ఆగిపోయారట. ఆ గడిలో మాట మారితే రమ్మన్నారు. మార్చమని అర్జీ పెట్టుకోవడానికి ఒక కార్యాలయం ఉందని కూడా వాళ్లే చెప్పారు. జరిగినదానికి అర్జీదారు తానే ఇచ్చే వివరణ, పరీక్షల ఫలితాలు, అతణ్ణీ అతడు సైన్యం వదిలిన కారణాన్నీ ఎరిగిన ఇద్దరు పెద్దల ఉత్తరాలు, ఇవీ కావలసినవి.

వివరణ నేనే చెప్పి రాయించాను, మన కూటాల్లో చెప్పుకునే పద్ధతిలోనే. సాతాను ఈ బిడ్డను మోసగించాడని, ప్రభువు కడిగి శుద్ధి చేశాడని, ఇప్పుడు వాడు కొత్తవాడని. కరుణ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది, జోయెల్ సంతకం పెట్టాడు. ఉత్తరాలు పాస్టరుగారినీ విమలనూ అడిగాను, కారణం సంగతి మాత్రం ఎత్తలేదు, వాడి మంచితనం గురించి రాస్తే చాలన్నాను. ఇద్దరూ అంటించిన కవర్లు ఇచ్చారు. పాస్టరుగారి కవరు విప్పి చూడటానికి మనలో ఎవరికైనా చేతులు వస్తాయా? నాకూ రాలేదు. ఫిబ్రవరి పదిహేడున పంపించాం.

ఏప్రిల్ ఏడున జవాబు వచ్చింది. నిరాకరించారు. కారణాలు రెండు. జోయెల్ మోకాలి గాయం వల్ల సైన్యం వదిలాడని రెండు ఉత్తరాల్లోనూ ఉంది కాబట్టి, తన వాళ్లకే ఇతడు నిజం చెప్పలేదని మొదటిది. జరిగిన తప్పును ఇతడు తన మీద కాక మరొకరి మీద పెట్టాడని రెండోది. ఆరు నెలల తరువాత ఇంకొక్కసారి అర్జీ పెట్టుకోవచ్చు, అదే ఆఖరు.

కరుణ రెండోసారి చదివి, “అమ్మా, మరొకరు అంటే సాతానే” అంది. అని నవ్వింది, మా ఇంట్లో ఆ నవ్వు విని పద్నాలుగు నెలలైంది, ఆ నవ్వులోనే ఏడ్చింది. జోయెల్ మాత్రం కాగితం మడిచి నా ముందు పెట్టి, “వాళ్లు రాసింది కరెక్టే అమ్మమ్మా. నేనే వాడాను. నేను ఎప్పుడో ఒప్పుకున్నా. నువ్వే ఒప్పుకోవట్లేదు” అన్నాడు. గొంతు పెంచలేదు.

సహోదరులారా, నేను ఆ వారమంతా దేవునితో వాదించాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు బంధువులు నా దగ్గరకొచ్చి, పెళ్లి కావలసిన పిల్ల, టీబీ అని రాయకండి, జ్వరం అని రాయండి అని చేతులు పట్టుకునేవారు, నేను ఒక్క కేసులో కూడా మార్చి రాయలేదు, దాన్ని ఎంతో గర్వంగా చెప్పుకునేదాన్ని. నా ఇంటి రోగానికి మాత్రం మోకాలని పేరు రాశాను, దాని మీద మీ అందరి ప్రార్థనలూ పెట్టించాను. ఆ గడిలో మాట మార్చు ప్రభువా, మార్చు ప్రభువా అని అడుగుతూ వచ్చినదాన్ని, నేను రాసిన తప్పుడు మాట ఎవరు మార్చాలని ఒక్కనాడూ అడగలేదు. రాగిపాత్రలా మెరిసే నా గర్వం ఆ వారంలో నల్లబడిపోయింది.

శనివారం పాస్టరుగారి ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన తాను రాసిన ఉత్తరం నకలు తీసి చదువుకున్నారు. తరువాత, “అయితే నా సంతకం కింద అబద్ధం ఉందన్నమాట అమ్మగారూ” అన్నారు. నాకు దక్కవలసిన మాటే అది. సంఘం ముందు చెప్పాలంటే జోయెల్ ఒప్పుకోవాలని, అది వాడి బతుకు కాబట్టి వాడిని అడగమని పంపించారు. ఇంటికొచ్చి అడిగితే వాడు, ఇక్కడి పిల్లలు మాట చివర తగిలించే ‘లా’తో, “చెప్పు అమ్మమ్మా. నేను పక్కనే నిలబడతా లా. బట్ ఈసారి కుంటను” అన్నాడు.

ఏప్రిల్ పదమూడు, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం. పిల్లల చేతుల్లో ఇంకా మట్టలు ఉన్నాయి. నేను నిలబడి, నా మనవడికి మోకాలు నొప్పి లేదని, మత్తు మందు వాడినందుకు సైన్యం పంపేసిందని, ఈ సంగతి దాచింది వాడు కాదు నేనని చెప్పాను. అప్పుడు విమల లేచి, “అరవై ఒక్క ఆదివారాలు బాగున్న మోకాలికి నా చేత నూనె రాయించారు కదండీ అక్కయ్యగారూ. ఆ ఖర్చుతో రెండు జాడీలు ఆవకాయ పెట్టేదాన్ని” అంది. వెనక ఎవరో నవ్వారు. ఆమె నడుచుకుంటూ వచ్చి ఈసారి వాడి తల మీద చెయ్యి పెట్టింది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను, ఆ రోజు నుంచి రెండు కుటుంబాలు తమ పిల్లలను జోయెల్ పక్కన కూర్చోనివ్వడం లేదు. నేను వారిని తప్పు పట్టను, పద్నాలుగు నెలలు నేనూ ఆ భయంలోనే ఉన్నాను.

ఆ రోజు జోయెల్ మొదటిసారి అందరి ముందూ గట్టిగా ప్రార్థించాడు. “ప్రభువా, నేను చేశాను. నాకు ఇప్పటికీ కొన్నిసార్లు కావాలనిపిస్తుంది. వీళ్లకి తెలిసింది కాబట్టి ఇక నేను ఒక్కణ్ణే కాదు. థాంక్యూ.” అంతే. నా డెబ్బై నాలుగేళ్లలో విన్న ప్రార్థనలన్నిటిలో అదే పొట్టిది.

రెండో అర్జీ అక్టోబరు ఎనిమిదిన పెట్టాం. వివరణ వాడే రాసుకున్నాడు, తొమ్మిది వాక్యాలు, వాటిలో ఆరు ‘నేను’తో మొదలయ్యాయి. నన్ను ముట్టుకోనివ్వలేదు. నూట డెబ్బై రెండు పరీక్షల ఫలితాలు జతచేశాం. పాస్టరుగారు తన మొదటి ఉత్తరం ఎందుకు తప్పో ముందు రాసి, ఆ తరువాత వాడి గురించి రాశారు. విమల కూడా అలాగే రాసి, కవరు అంటించకుండా ఇచ్చి, “చదువుకోండి, మళ్లీ ఏ మోకాలైనా ఉందేమో” అంది.

ఆ తరువాత పంతొమ్మిది వారాలు ఎదురుచూశాం. ఎదురుచూడటం నాకు చేతనవుతుందనుకునేదాన్ని, కాలేదు. బ్లాకు కింద పోస్టు పెట్టెల దగ్గరకి పొద్దున ఒకసారి, నాలుగింటికి ఒకసారి దిగేదాన్ని. పోస్టు మనిషి మలయ్ ఆయన, నన్ను చూడగానే దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. రోడ్డు మీద అంబులెన్సు కూత వినబడితే జోయెల్ ముద్ద చేతిలో పట్టుకుని, అది ఏ వైపు మళ్లిందో తెలిసేదాకా ఆగిపోయేవాడు. వాడికి డబ్బు రావాలని నేను అడగలేదు, పేరు రావాలని అడగలేదు, ఆ బండి వెనక తలుపు తెరుచుకున్నప్పుడు వాడు లోపల ఉండాలని మాత్రమే అడిగాను, ఇప్పటికీ అడుగుతున్నాను.

ఫిబ్రవరి పద్దెనిమిది, బుధవారం, జవాబు వచ్చింది. మేము అడిగిన మాట ‘మంచిది’. వారు ఇచ్చిన మాట ‘సంతృప్తికరం’. ప్రవర్తన గడి ఒక్క మెట్టు పైకి జరిగింది. కింద కారణం మాత్రం తీసివేయలేదు, మత్తు మందు వాడకం అని అలాగే ఉంది. నేను ఆ వరుస మీద వేలు పెట్టి ఉంటే జోయెల్ నా వేలు పక్కకి జరిపి, “ఉండనీ అమ్మమ్మా. అది జరిగిందే కదా” అన్నాడు.

శిక్షణ చోటికి కొత్త కాగితం చూపిస్తే ఇంటర్వ్యూకి పిలిచారు. తీసుకుంటారో లేదో ఈ మాటలు రాస్తున్న రోజుకి తెలియదు. తెలిసిన తరువాత సాక్ష్యం చెబితే బాగుంటుందని కొందరు సలహా ఇచ్చారు. కానీ నన్ను దేవుడు విడిపించింది ఆ కాగితం వచ్చిన రోజున కాదు, మట్టల ఆదివారం రోజున. వాడిని విడిపించింది గంట గంటకీ. ‘మంచిది’ అన్న మాట కోసం నా మనసు ఇంకా కొట్టుకుంటూనే ఉంది, అది దేవునికి తెలుసు, నేను దాచడం లేదు. ఆయన ఇచ్చిన ఒక్క మెట్టుకీ, ఇవ్వని మెట్టుకీ కలిపి స్తోత్రం చెల్లిస్తున్నాను.

మీలో ఎవరి ఇంట్లోనైనా, ఒక బాధకు వేరే పేరు పెట్టి మా చేత ప్రార్థన చేయిస్తున్నవారు ఉంటే, నా మాట వినండి. ఆయన మీరు పెట్టిన పేరును చూసి మోసపోడు, నిజమైన పేరు విని ముఖం తిప్పుకోడు కూడా, కాబట్టి ఆయన్ని నమ్మి ఆయన ఎదుట ఆ పేరు పలకండి. మనుషుల ఎదుట కూడా పలకాలనిపిస్తే, మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. వచ్చి కూర్చోండి. నోరు రాకపోతే టీ తాగండి, మొదట నేను నాది చెబుతాను.