కుర్చీలో పలకని తప్పెట

మొన్న ఆదివారం పొద్దున అనంతపురం నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. అక్కడ పీజీ చదువుతోంది. వాళ్ళ కాలేజీలో ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లలు తమ నల్లజాతి చరిత్రను తలుచుకుంటూ ఒక పండుగ చేసుకుంటున్నారట. పాటలు, ఆటలు, వాళ్ళ వంటలు, గోడల నిండా బొమ్మలు. “నాయనా, అటక మీద తాత తప్పెట ఉండాది కదా, అది తీసుకోని రా. అప్పుడు హాస్టల్లో తాత కొట్టిన దరువు నువ్వు కొట్టాల. నేను మాటిచ్చేసినా” అంది. ఏదో ఒకటి అని ఫోను పెట్టేశాను. ఆ దరువు మా నాయన నాకు నేర్పాడని, ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పిల్లకు చెబుతూ వచ్చినవాణ్ణి నేనే మరి.

నేను ఏం చెప్పినా మా బత్తలపల్లె చుట్టుపక్కల జనం అందులో సగం కొట్టేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసుకుని వింటారు. అందులో వాళ్ళ తప్పు లేదు. అయితే యాభై దాటాక తెలిసిందేమిటంటే, అబద్ధం అల్లినప్పుడు దూదిలాగే ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ తడిసిన దూది అవుతుంది. మోసీ మోసీ భుజాలు పడిపోయాయి. అందుకని ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతాను. నీతికి కాదు, ఓపిక లేక.

పెళ్ళికి ముందు కొన్నేళ్ళు నేను ఒక కాలేజీ హాస్టలు మెస్సులో వడ్డించేవాణ్ణి. అక్కడ ఆఫ్రికా పిల్లలు ఉండేవారు. కథ చెప్పేటప్పుడు నూరు మంది అంటాను గానీ, పదకొండు మందే. అందరిలోకీ పెద్దవాణ్ణి మేమంతా పెద్దన్న అనేవాళ్ళం. మొదట్లో మా సాంబారు అన్నం చూసి ముఖం వేలాడేసుకునేవాడు. ఒకరోజు వంటవాళ్ళు తమకోసం కెలుక్కున్న రాగి సంగటి చూసి, వంటింట్లోకి వచ్చి నేల మీద కూర్చుని, ముద్ద తుంచి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, కూరలో ముంచుకుని తిన్నాడు. వాళ్ళ అమ్మ చేసేదీ ఇదేనట, పిండి మాత్రమే వేరట. ఆ రోజు నుంచి మెస్సు తలుపు దగ్గర నిలబడి, “ఏమప్పా, సంగటి ఉండాదా?” అని మా యాసలోనే కేకేసేవాడు. తెలుగు అలా సంగటితో పాటే అబ్బింది అతనికి.

ఏడాదికొకసారి వాళ్ళు తమ పెద్దల కథలు చెప్పుకుని, పాడుకుని, ఆడుకునే రోజు ఒకటి ఉండేది. ఆ ఏడాది డోలు వాయించేవాడు చదువు ముగించి వెళ్ళిపోయాడు. పెద్దన్న దిగులుగా ఉంటే నేను ఊరుకోలేకపోయాను. మా నాయన తప్పెట కొడితే మూడేళ్ళ కరువులో కూడా మబ్బు పడుతుందని, వాన కురిసి తీరుతుందని చెప్పి, తీసుకొస్తానని మాటిచ్చేశాను.

ఇందులో చిక్కు ఏమిటంటే, మా నాయన అప్పటికి రెండేళ్ళ కిందటే తప్పెట వదిలేశాడు. మా పేట వాళ్ళది ఊరికి తప్పెట కొట్టే పని; చావైనా, జాతరైనా, దండోరా అయినా ముందు నడిచేది మేమే. ఒక ఎండాకాలం ఊరి పెద్దింటి శవం ముందు పొద్దున్నుంచీ కొట్టీ కొట్టీ, పాడె లేవడం ఆలస్యమైతే నాయన వాళ్ళ అరుగు అంచున ఒక్క నిమిషం కూలబడ్డాడు. ఆ ఇంటి కుర్రవాడొకడు తప్పెటను కాలితో నెట్టి, “కూచోని కొట్టేంత పెద్దమనిషివైనావా రా?” అన్నాడు. నాయన లేచి, శ్మశానం దాకా కొట్టి, ఇంటికొచ్చి తప్పెటను గోడ గూటానికి తగిలించాడు. ఇక ముట్టలేదు.

నేను ఊరికి పోయి, ఆఫ్రికా రాజు కొడుకు నీ తప్పెట వినడానికే ఓడెక్కి వచ్చాడని నాయనతో చెప్పాను. ఆయన బీడీ ఆర్పకుండానే, “నీ నోట్లో నిజం వచ్చిన పొద్దు వాన వస్తాదిలే, పోరా” అన్నాడు.

సిగ్గుపడి తిరిగొచ్చి ఆ మాటే చెబితే, పెద్దన్న మరుసటి ఆదివారం నాతో బస్సెక్కాడు. మా ఇంట్లో సంగటి, ఊరుబిండి పచ్చడి తిన్నాడు. చెయ్యి కడుక్కుని, గూటానికున్న తప్పెట చూసి, అడిగి కిందికి దించుకుని, చర్మం మీద వేలితో ఒక్కటి తట్టాడు. మొద్దుగా మోగింది. “మంట కావల్ల, నాయనా” అన్నాడు; నేను పిలుస్తుంటే విని అతనూ నాయనా అనే పిలిచాడు. మా అమ్మ చెనక్కాయ పొట్టు పోసి మంట వేస్తే, తప్పెటను దూరంగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ కాచాడు. నాయన కళ్ళు పెద్దవి చేశాడు. “ఇదంతా ఈ అప్పకు ఎట్లా తెలుసురా?” అని నన్నడిగాడు. నాకు అబద్ధం తట్టేలోపే పెద్దన్న, “మా తాత గూడా అంతే నాయనా. కాచకపోతే పలకదు” అన్నాడు. నాయన హాస్టలుకు వస్తానన్నాడు.

వాళ్ళ పండుగ రోజు సాయంత్రం మెస్సు హాల్లో బల్లలు తీసేసి కుర్చీలు వేశారు. గోడకొక చార్టు కట్టారు. దాని మీద ఓడ బొమ్మ, ఓడ అడుగున మనుషులు వరసలుగా పడుకుని ఉన్నారు. నాయన దాని ముందు చాలాసేపు నిలబడి, “వీళ్ళనేంది, చెనక్కాయ మూటల మాదిరి పేర్చినారు?” అన్నాడు. వాళ్ళు తమ జాతివాళ్ళేనని, బానిసలుగా అమ్మడానికి పట్టుకుపోయారని పెద్దన్న చెప్పాడు. నాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత హాలు మధ్యన అన్నిటికంటే మంచి కుర్చీ వేసి నాయనను కూర్చోబెట్టారు. ఆయన అంచున కూర్చుని తప్పెట ఒళ్ళో పెట్టుకున్నాడు. పుల్ల ఎత్తాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు. ముందు వరసలో వార్డెను గడియారం చూసుకున్నాడు. నేను మైకు లాక్కుని, మా నాయన వానదేవుణ్ణి పిలుస్తున్నాడని మొదలుపెట్టాను.

“నువ్వు ఊరికే ఉండరా” అన్నాడు నాయన. తర్వాత పెద్దన్న వైపు తిరిగి, మెల్లగా, “కూచోని కొట్టేది నాకు రాదప్పా. పుట్టినప్పటి నుంచి నిలబడే కొట్టినా. మీరు కూచోండి, నేను నిలబడతా” అన్నాడు.

నాయన లేచాడు. పెద్దన్న తన కుర్చీని గోడవైపు నెట్టి తానూ నిలబడ్డాడు. వెనకే ఆ పదిమంది, వంటవాళ్ళు, గిన్నెలు తోమే అక్క అందరూ లేచారు. చివరికి వార్డెను కూడా లేవాల్సి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టాడు మా నాయన. ఎవరూ కూర్చోలేదు, ఆయన ఆపేదాకా.

ఆ తర్వాత జాతరకు రమ్మని పెద్దింటి నుంచి కబురొస్తే, “నేను కొట్టినంతసేపు అరుగుల మీద ఎవరూ కూచోకూడదు, అట్లయితే వస్తానని చెప్పు” అన్నాడు. మళ్ళీ కబురు రాలేదు. నాకైనా నేర్పమంటే, “నీకు నోరుండాది కదరా, చేతులెందుకు?” అని నవ్వేశాడు. పెద్దన్న చదువు ముగించుకుని వెళ్ళాక రెండు ఉత్తరాలు రాశాడు. నాయన పోయి తొమ్మిదేళ్ళయింది.

ఇప్పుడు మా పేటలో తప్పెట ఎవరూ కొట్టరు. పిల్లలు కొలువుల్లో ఉన్నారు, ఇళ్ళ ముందు కుర్చీలున్నాయి, వాటిలో కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. నాయన కోరుకున్నదీ అదే. శవం లేచినా స్పీకరు డబ్బా పాటలే. ఎవరూ అలసిపోనక్కర్లేదు. అయినా అటక ఎక్కి ఆ తప్పెట దించితే చర్మం సడలిపోయి ఉంది, ఒక పక్క ఎలుక కొరికింది. పొట్టు మంట వేసి కాచాను. తట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ కథకు ఏమేమో కలిపాను గానీ, ఆ దరువులో ఒక్క దెబ్బ కూడా కల్పించలేను. తప్పు దెబ్బ రెండోదానికే బయటపడుతుంది.

అమ్మాయికి ఫోను చేసి, నాకు రాదమ్మా, తాత నేర్పలేదు, ఇన్నాళ్ళూ అబద్ధమే చెప్పాను అన్నాను. అవతల ఆ పిల్ల ఎవరినో ఉండమని చెప్పి పక్కకు వచ్చింది. తర్వాత చిన్న గొంతుతో, “మరి ఆ పొద్దు వాన పడిందంటివి కదా నాయనా?” అంది.

పడలేదు. మీకు చెబుతున్నాను కదా, ఆ ఏడంతా పడలేదు. కానీ దరువు పోయింది, మనిషి పోయాడు, ఇక ఆ వానను కూడా లాగేసుకుంటే ఆ పిల్లకు తాత నుంచి ఏం మిగులుతుంది?

“పడిందమ్మా” అన్నాను. “అందరం నిలబడే తడిసినాం.”