సత్యారావుగారి సైకిల్ ట్యూబు

సత్యారావుగారు ముప్పై రెండేళ్లు చోడవరంలో చెరుకు లారీలకు మోకులు కట్టారు. ఆయన కట్టిన లోడు ఒక్కటీ జారలేదు. రోడ్డు మీద పడిన గడలన్నీ ఇతరులు కట్టినవే. ఇంతటి కీర్తి గల మనిషిని గాలిపటం కంపెనీ వదులుకుంటుందా?

వడ్డాది రోడ్డు పక్క పొలంలో ఆ కంపెనీ కరెంటు తీస్తోంది. పెళ్లి పందిరంత గాలిపటం వెయ్యి అడుగుల ఎత్తుకు వెళ్తూ మోకును లాగుతుంది. ఆ మోకు నేల మీదున్న డ్రమ్మును తిప్పుతుంది. డ్రమ్ము కరెంటు ఇస్తుంది. తర్వాత మోకును వెనక్కి చుట్టి, మళ్లీ వదులుతారు. రోజుకు వందలసార్లు. ప్రతిసారీ డ్రమ్ము ముందున్న గిలక మీద వంగేది మోకులో ఒకే కొద్ది భాగం. గాలిపటం దిగినప్పుడు ఆ భాగాన్ని చేత్తో తడిమి చూడటం సత్యారావుగారి ఉద్యోగం.

మంగళవారం పొద్దున్న అక్కడ పోగులు లేచినట్టు వేలికి తగిలింది. చెరుకు లారీ శాస్త్రంలో దీనికి ఒకటే వైద్యం. పాత సైకిల్ ట్యూబు కోసి, ఆ చోట బిగించి చుట్టారు. తన పనితనాన్ని తానే మెచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా టీకి వెళ్లారు. గాలిపటం లేచింది.

పది గంటలకు, చీడికాడ నుంచి వచ్చిన ఇంజనీరు సంధ్యారాణి గిలక మీదుగా నల్లగా ఏదో పోవడం చూసింది.

"సత్యారావుగారూ, ఏటది?"

"ట్యూబమ్మా. రాపిడి తగలకుండా కట్టేను. మన లారీలకి అలాగే సేస్తాం."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "ఇది లారీ మోకు కాదండీ, ప్లాస్టిక్ పోగులది. వంగినప్పుడల్లా లోపల వేడెక్కుతాది. ఆ వేడి గాలికి పోవాల. మీరు దుప్పటి కప్పేసేరు. ఈపాటికి లోపల మెత్తబడిపోయుంటాది."

"అయితే దించేద్దారమ్మా."

"దించాలంటే ఆ ముక్క మళ్లీ గిలక మీంచే రావాల. పైనే ఉంచుదామంటే గాలి పెరుగుతంది."

మోకు తెగితే ఎక్కడ పడుతుందో ఇద్దరూ ఒకేసారి చూశారు. గాలివాలున ఉన్న చెరుకు తోటలో ఆరుగురు ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. వాళ్లలో అప్పలనరసమ్మ సత్యారావుగారి భార్య.

"డ్రమ్ముని ఐదు నిమిషాలు ఆపగలను," అంది సంధ్యారాణి. "ఆపైన నా సేతిలో లేదు."

యాభై ఎనిమిదేళ్ల మనిషి పరుగెత్తారు.

"లెగండే! గట్టు మీదకి పొండి!"

"ఏటయ్యా, నీ గాలిపటం కబురెట్టిందా?" అంది అప్పలనరసమ్మ, తల ఎత్తకుండా. మిగతావాళ్లు పకపకా నవ్వారు. "ఈ సాలు అవగొట్టి వస్తాం, పో."

"ఒసే, తప్పు సేసేనే. లెగు."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట ఆవిడ వినలేదు. కొడవలి అక్కడే వదిలేసి లేచింది. ఆవిడ ముఖం చూసి మిగతావాళ్లూ లేచి గట్టు వైపు పరుగెత్తారు.

వెనక డ్రమ్ము తిరగడం మొదలైంది. గట్టు ఇంకా నలభై అడుగుల దూరంలో ఉంది.