బావ విమానం చూసిన నీళ్లు

మొన్న కాలువ కింద సాగుకు వలసొచ్చినవాళ్లం కట్టుకున్న మా క్యాంపులో వరికి మందు కొట్టడానికి డ్రోన్ వచ్చింది. బాళగనూరు నుంచి దాన్ని తెచ్చినాయన గట్టు మీద కుర్చీ వేసుకుని, తలెత్తకుండా చేతిలోని తెర చూస్తూనే పని ముగించాడు. మా పొలం హద్దులు ఆ తెరలో పసుపు గీతలై ఉన్నాయి. నేను మాత్రం ఆకాశంలోకే చూస్తూ నిలబడ్డాను, మెడ నొప్పి పుట్టేసరికి మా అక్క మొగుడు, బావ, గుర్తుకొచ్చాడు.

కాలువ చివరి భూములు చేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, నీళ్లు వదిలారని ఊరంతా అంటుంది, పైవాళ్ల మళ్లు నిండుతాయి, మన తూములోకి మాత్రం ఎండుటాకులు వస్తాయి. గోదావరి ఒడ్డున ఉన్నది అమ్ముకుని ఇక్కడికొచ్చిన బావకు ఆ ఎదురుచూపంటే ఒళ్లు మంట. మోటార్లు విప్పి బిగించే చెయ్యి గనుక, సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో బెంగళూరు నుంచి రేడియో పెట్టె తెప్పించి, థర్మోకోల్ రెక్కలు కోసి, పొట్ట కింద తాళంచెవుల గుత్తంత కెమెరా కట్టి ఒక విమానం చేశాడు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పైనుంచి చూసి వడ్లు నానబోద్దామని ఆయన ఆలోచన. మొలక కట్టాక మడిలో నీళ్లు లేకపోతే విత్తనమంతా పోయినట్టే, ఆ ఏడు మాకున్నది అదొక్కటే విత్తనం.

మా కింది పొలం గట్టు మీదనుంచి ఎగరేశాం. అది పైకి పోయి పోయి నువ్వుగింజంతయింది. అక్కడే గద్దలు కూడా తిరుగుతున్నాయి, అదే విమానమని బావ ఒకదాన్ని చూపిస్తే నేను ఇంకోదాన్ని చూపించాను. విమానం మనవైపు తిరిగితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది, అది తిరిగిందో లేదో తెలియకుండా ఎటు తిప్పాలి?

"వస్తోందా, పోతోందా, ఏదో ఒకటి చెప్పి చావండి!" అని అక్క కేకలేసింది. మట్మారి నుంచి వచ్చి మా పక్క పొలం కౌలుకు చేసే పెద్దాయన, "గంత మీదికి పోయినంక అది మన మాట ఇంటదా?" అని నవ్వాడు. చివరికి దానంతటదే వచ్చి జొన్న చేలో పడింది.

కెమెరాలో పడ్డ ఒక్క ఫోటోనూ సింధనూరు స్టూడియోలో పెద్దది చేయించాం. చీకట్లో కూడా ఏ గట్టు ఎవరిదో కాళ్లతో చెప్పగలిగిన మాకు ఆ బొమ్మలో తల ఏదో తోక ఏదో తెలియలేదు. నేను కాలువ అన్నదాన్ని బావ రోడ్డు అన్నాడు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఒకటయ్యాం, ఒక మూల తళతళా మెరిసే పెద్ద తెల్లని పాయ ఉంది. బావ లెక్కలో అది మాకు ఎగువన, కాలువ వంతెన పక్కనున్న పొలం. ఇంక రేపో ఎల్లుండో నీళ్లు మన తూముకు అందుతాయన్నాడు. ఆ సాయంత్రమే అక్క వడ్లు నానబోసింది.

మొలకలు తెల్లగా పొడుచుకొచ్చాయి, తూము మాత్రం పొడిగానే ఉంది. ఫోటో పట్టుకుని వంతెన దగ్గరికి పోతే అక్కడంతా నెర్రెలిచ్చిన నేల. ఎన్నివైపుల తిప్పినా అర్థం కాక, ముగ్గురం వెనక్కొచ్చి మా కింది పొలంలో కూలబడ్డాం. అక్క ఫోటో లాక్కుని తలకిందులు చేసింది. తెల్లని పాయ పక్కన నీలం మచ్చ, మా మోటారు షెడ్డు మీద కప్పిన పట్టా. దాని పక్కన నాలుగు చుక్కలు, తలలెత్తుకుని నిలబడ్డ మేమే. మేం నీళ్లనుకున్నది మా సొంత పొలంలో పైకి తేలిన చౌడు. రోజూ తొక్కే ఉప్పునేల పైనుంచి అలా మెరుస్తుందని ఎవరనుకుంటారు? మొలకలు గేదెలు తిన్నాయి.

జిప్సం వేసి, మురుగుకాలువలు తవ్వించాక ఇప్పుడు ఆ పొలం పచ్చగానే ఉంది. బావ లేడు. నా భూమి ఎక్కడుందో నన్నడక్కుండానే తెర చెబుతోంది, పొరపాటుకు చోటే లేదు, మంచిదే. అయినా వడ్లు నానుతున్న ఆ రెండు రోజులూ బావ ఈల వేస్తూ గట్లు చెక్కాడు, అక్క పరమాన్నం వండింది. నిజంగా నీళ్లొచ్చిన ఏ ఏడూ మా ఇంట్లో అంత సంతోషం చూడలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు.